రాఘవులు మామ వేలాడిన చీర

మా గుడియాత్తం వీధిలో రాఘవులు మామ అంత పిరికివాడు ఇంకొకడు లేడు. పాముంటుందేమోనని కట్టెతో తడిమి చూసుకోనిదే మగ్గం గుంటలోకి కాలు పెట్టడు. వేలూరు బస్సెక్కితే తలుపు పక్క సీట్లో చచ్చినా కూర్చోడు. మేమంతా ఆటపట్టించేవాళ్లం. అలాంటి మనిషి చేతిలో సినిమావాళ్లు ఒక ఆడపిల్ల ప్రాణం పెట్టారు.

షూటింగు మోర్ధానా డ్యాం దగ్గర. గట్టు మీది నుంచి హీరోయిన్ చీర పట్టుకుని వేలాడుతుంటే ఆ చీర పోగుపోగుగా తెగాలి. అందుకు ఒకేలా ఉండే రెండు నూలు చీరలు కావాలని, సినిమా సామాన్లు చూసే గోపినాథ్ అనే ఆయన మామను వెతుక్కుంటూ వచ్చాడు. కెమెరా దగ్గరగా చూపించేదాన్ని వాళ్లు హీరో చీర అంటారట. అది కాస్త బరువు పడితే తెగాలి. మనిషి నిజంగా వేలాడేది స్టంట్ చీర. అది మాత్రం ఏం చేసినా తెగకూడదు. హీరోయిన్ బదులు వేలాడే పిల్ల పేరు నివేదిత, కాట్పాడి పిల్ల.

హీరో చీరకు మామ పడుగులో బాగా పాతబడిన నూలు వేశాడు. స్టంట్ చీరకు నైలాన్ దారం కలిపాడు. మగ్గం మీంచి దించాక రెండూ ఒకేలా కనబడేసరికి ఆయనకు భయం పట్టుకుంది. గట్టి చీర కొంగుకు గుర్తుగా జానెడు నల్లదారం వేలాడేలా వదిలాడు. గోపినాథ్‌కూ అదే చెప్పాడు. అయినా అన్నం సయించలేదు.

షూటింగు చూడాలని భార్య కాంచన కూడా వెంట వచ్చింది. చీరలిచ్చేసి ఇద్దరూ దూరంగా ఒక రాయి మీద కూర్చున్నారు. గట్టు మీద చీరను ఇనుప కమ్మీకి కడుతున్నారు. పడకుండా నివేదిత నడుముకు తీగ కడితే కెమెరాకు కనబడుతుందని ఫైట్ మాస్టర్ సుందరం వద్దన్నాడు. కింద అంతా రాళ్లే.

“చీర ఎంత బాగుండాదో చూడు,” అంది కాంచన. “గంజి పెట్టి, యాలాడే పోగులన్నీ కత్తిరించి మడతేసినా.”

మామ గబుక్కున ఆమె వైపు తిరిగాడు. “నల్లదారం?”

“అదీ కత్తిరించినా. కొసలు యాలాడతా ఉంటే ఎవురు తీసుకుంటారు?”

ఆమె తప్పేముంది? నేతవాళ్ల ఇంట్లో కొసలు కత్తిరించకుండా గుడ్డ గడప దాటదు, దాటితే షావుకారు మొహాన విసిరికొడతాడు. ఇంట్లో ఆ ఒక్క మాట చెప్పడం మరిచింది మామే.

లేచి పరుగెత్తాడు. “ఆపండి, ఆపండి,” అని అరుస్తూ జనాన్ని తోసుకుంటూ గట్టెక్కాడు. నివేదిత అప్పటికే కమ్మీ దాటి ఒక కాలు బయట పెట్టింది.

“దారం రెండింటికీ లేదు,” అన్నాడు గోపినాథ్ తడబడుతూ. “పైనుండే చీర ఇచ్చేసినా.”

సుందరానికి కోపం వచ్చింది. “ఎండ పోతా ఉండాది పెద్దాయనా. ఇది గట్టిదా కాదా, ఒక మాట చెప్పు.”

మామ చీరను తడిమాడు. గంజి పట్టిన గుడ్డలో వేళ్లకు ఏమీ తెలియలేదు. ఒక పోగు లాగి కాల్చి నైలాన్ కరుగుతుందేమో చూసినా తెలిసిపోయేది, ఆ భయంలో అదీ తట్టలేదు. ‘గట్టిదే’ అనేసి తప్పుకోవచ్చు. అందరూ ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే.

“తెలీదప్పా,” అన్నాడు. “ఆ పాపను ఇవతలికి రమ్మను. ముందు నేను యాలాడి చూస్తా.”

గట్టు దిగి, పక్కన ఇసుక మీదికి వంగిన ఒక చెట్టుకొమ్మకు చీర కట్టారు. మామ రెండు చేతులా పట్టుకుని కాళ్లు ఎత్తాడు. చీర బర్రున చినిగింది. ఆయన వెల్లకిలా ఇసుకలో పడ్డాడు. ఒక్కరూ నవ్వలేదు. నివేదిత ఆ చినిగిన కొసల వైపు చూస్తూ ఉన్నచోటే కూలబడింది.

రెండో చీర కట్టారు. మామ మళ్లీ వేలాడాడు. ఈసారి తెగలేదు.

“సరే, దిగు పెద్దాయనా,” అన్నాడు సుందరం, గొంతు తగ్గించి.

మామ దిగలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, చీర వదల్లేదు. నివేదిత ఏడుస్తూ దగ్గరికి వచ్చి ఆయన కాళ్లు పట్టుకుంది.

“చాలు, దిగు నాయనా.”

“ఉండమ్మా, ఇంకొంచేపు,” అన్నాడు మామ. “నాకింకా భయంగానే ఉండాది.”