విర్యో ఐదేసి దెబ్బలు

విర్యో చెయ్యి దుంగ మీద పడితే కొండ అవతలి వాళ్లకు కూడా ఆ చెయ్యి ఎవరిదో తెలిసిపోయేది. గస్తీ పాక చూరుకు వేలాడే ఆ పనస దుంగను ఎంచి తెచ్చింది అతనే. ఎండబెట్టి, కడుపు తొలిచి, నిలువునా సన్నటి చీలిక తీసింది అతనే. జావాలో ప్రతి ఊరికీ ఇలాంటి కెంతొంగాన్ ఒకటి ఉంటుంది గానీ, మా ఊరు కరాంగ్‌దువుర్ దానికున్నంత గొంతు దేనికీ లేదని మావాళ్ల గొప్ప. రాత్రి గస్తీకి మగవాళ్లంతా వంతులు వేసుకునేవాళ్లు. పగలు మాత్రం దుంగ విర్యోదే, ఇంకొకణ్ణి తాకనిచ్చేవాడు కాదు.

"దుంగకి జ్వరమొస్తే నాకంటే ముందు దానికే అల్లం కషాయం తాగిస్తాడు మా ఆయన" అని అతని భార్య రుకినా టీ కొట్టు దగ్గర అందరి ముందూ దెప్పేది. విర్యో సిగ్గుపడకపోగా మీసం దువ్వుకునేవాడు.

దరువులు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఒక్కొక్కటే ఆగి ఆగి పడితే ఎవరి ప్రాణమో పోయింది. రెండేసి పడితే ఇంట్లో దొంగ, మూడేసి అయితే నిప్పు, నాలుగేసి అయితే వరద. ఐదేసి పడితే పశువుల దొంగ. ఇవన్నీ కాక పావురాల దరువని ఒకటుంది. మెల్లగా మొదలై, జోరందుకుని, మళ్లీ మెల్లగా వాలిపోతుంది. భయం లేదు, చేతుల్లోవి దించి ఇళ్లకు పొండి అని దాని అర్థం. దుంగ ఏం చెబితే ఊరు అది చేస్తుంది. ఎందుకని అడగదు. ఇన్నేళ్లలో తన దుంగ ఒక్క అబద్ధమైనా ఆడలేదని విర్యోకు చెప్పలేనంత గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. సున్నపురాయి నేల పగుళ్లిచ్చింది, జనం ఎండు కర్రపెండలం దంచుకు తింటున్నారు. పైగా పశువుల దొంగలు చుట్టుపక్కల ఊళ్ల మీద పడ్డారు. మాకు ఆవంటే పాలకు కాదు. కూతురి పెళ్లయినా, ఆస్పత్రి ఖర్చయినా, ఇంటి కప్పయినా ఆవు మెడ తాడు పట్టుకునే సంతకు వెళ్తాం. ఆవు పోతే ఆ ఇంట్లో ఇక అమ్ముకోవడానికి ఏమీ మిగలదు. అందుకే ఆ ఎండల్లో మగవాళ్లు పొలానికి వెళ్లినా కొడవలి పక్కన ఓ కర్ర కూడా పెట్టుకునేవాళ్లు. దొంగ దొరికితే వదలకూడదని అందరూ కాచుకుని ఉండేవాళ్లు.

కింది పల్లెకు చెందిన జుమాది జకార్తాలో వీధి వీధీ తిరిగి మాంసం ఉండల పులుసు అమ్మేవాడు. వెళ్లేముందు తన ఆవును మా ఊరి హర్జోకు పాలికి ఇచ్చి వెళ్లాడు. తొలి దూడ మేపినవాడిది, రెండోది ఇచ్చినవాడిది, అదీ కట్టుబాటు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చి, తన వంతు పెయ్యను ఎప్పుడు తోలుకెళ్లమంటావని హర్జోను అడిగాడు. "నీ సొమ్ము నువ్వు తోలుకెళ్లడానికి ముహూర్తమా తమ్ముడూ? కోతైపోయిన చేలో కట్టేసి ఉంటుంది, ఎప్పుడైనా విప్పుకుపో" అన్నాడు హర్జో. అని, తను సంతకు వెళ్లిపోయాడు.

పశువును ఊరు దాటించేవాడు గస్తీ పాక దగ్గర ఆగి ఒక మాట చెప్పి వెళ్లాలి. జుమాది ఆ మర్యాద మరిచిపోలేదు. ఆగాడు, పిలిచాడు, చుట్టూ చూశాడు. విర్యో ఊట దగ్గర స్నానం చేస్తున్నాడు. ఎండ ముదురుతోందని జుమాది పెయ్యను తోలుకుని దిగువకు నడిచాడు.

తడి తలతో తిరిగొచ్చిన విర్యోకు హర్జో పెయ్య, దాని తాడు పట్టుకున్న పట్నం ప్యాంటు కనిపించాయి. జుమాది సన్నబడ్డాడు, నడక కూడా మారిపోయింది. వీపు చూసి ఎవరు పోల్చుకుంటారు? విర్యో రెండో ఆలోచన లేకుండా కర్ర అందుకున్నాడు. ఐదు. ఐదు. ఐదు.

చేలన్నీ లేచి పరిగెత్తాయి. రాతి వంతెన దగ్గర జనం ఆ మనిషిని చుట్టుముట్టడం పైనుంచి విర్యోకు కనబడుతూనే ఉంది. అంతలో హర్జో కోడలు పారిదా జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చింది.

"బాబాయ్, ఆపించు! అతను దొంగ కాదు, జుమాది! ఆ పెయ్య అతనిదే. తోలుకుపొమ్మని మా మావయ్యే చెప్పాడు!"

"నీకు ఖాయంగా తెలుసా?"

"నా ఎదురుగానే చెప్పాడు! పావురాల దరువు కొట్టు బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా!"

కర్ర విర్యో చేతిలోనే ఉంది. దుంగ కళ్ల ముందే ఉంది. కొట్టి ఉంటే ఆ క్షణాన చేతులన్నీ దిగిపోయేవి. కానీ ఐదు కొట్టిన చెయ్యే వెంటనే పావురాల దరువు కొడితే ఊరు ఏమంటుంది? విర్యో దుంగ అబద్ధమాడిందంటుంది. ఆ మాట పడడానికి అతనికి మనసొప్పలేదు.

"ముందు వెళ్లి చూసొస్తానుండు" అన్నాడు.

అని, నడిచి దిగాడు. ఆ దారి తిన్నగా ఉండదు, గట్టు గట్టుకూ మెలికలు తిరుగుతుంది. అతను వంతెన చేరేసరికి జనం అలిసిపోయి నిలబడి ఉన్నారు. ఎవరో జుమాది ముఖం మీద నీళ్లు చల్లి పోల్చుకున్నారు. పెయ్య మాత్రం పక్కనే గడ్డి పీకుతోంది.

జుమాది చావలేదు. ఒక కాలు పనికిరాకుండా పోయింది, ఒక చెవి పోయింది, జకార్తా పోయింది. ఊరంతా చందా వేసుకుని వైద్యం చేయించింది. పంచాయతీ పెట్టి, తీపి టీ తాగి, తప్పు అందరిదీ అని తేల్చారు. అందరిదీ అన్నాక ఎవరిదీ కాదని మావాళ్లకు బాగా తెలుసు. విర్యోను ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. పారిదా కూడా నోరు విప్పలేదు, కాకపోతే ఆ తర్వాత అతణ్ణి బాబాయ్ అని పిలవడం మానేసింది. మిగతా ఊరికంటే తనకు ఒక మాట ఎక్కువ తెలుసునని, తెలిసి కూడా కర్ర ఎత్తలేదని విర్యో కుమిలిపోయేవాడు. రుకినా ఇక దుంగ పేరెత్తి దెప్పడం మానేసింది.

జుమాది ఆ పెయ్యను పెంచి ఆవును చేశాడు. కుంటుకుంటూ దానికి గడ్డి కోసుకొచ్చేవాడు. నాలుగేళ్లకు జ్వరంతో పోయాడు. అతని భార్య సుమినెమ్‌కు ఆ ఆవు ఒక్కటే మిగిలింది. విర్యో వెదురు చిగుళ్లో, పులియబెట్టిన సోయా గింజల టెంపే అట్లో ఆమె గడప మీద పెట్టి వచ్చేవాడు. ఆమె తీసుకునేది, పలకరించేది కాదు.

తర్వాతి వానాకాలంలో ఒక సాయంత్రం, గస్తీ పాకలో కూర్చున్న విర్యోకు దిగువ బాట మీద ఒక చిన్న ట్రక్కు కనిపించింది. ఇద్దరు మనుషులు సుమినెమ్ ఆవును దానిలోకి ఎక్కిస్తున్నారు. అతను దిగ్గున లేచి కర్ర ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఆమే అమ్ముకుందేమో? వీళ్లు బేరగాళ్లేమో? మళ్లీ ఎవరి కాలు విరుగుతుందో? ఈసారి అడిగి తెలుసుకున్నాకే కొట్టాలనుకున్నాడు. కర్ర అక్కడే పెట్టి, వానలో జారుతూ పడుతూ దిగాడు.

సుమినెమ్ వంటింట్లో పొయ్యి ఊదుతోంది.

"అమ్మా, ఆవును అమ్మావా?" అన్నాడు రొప్పుతూ.

ఆమె ఊదుగొట్టం పడేసి కొట్టంలోకి పరిగెత్తింది. కోసిన తాడు ముక్క గుంజకు వేలాడుతోంది. బాట మీద చక్రాల గుర్తుల్లో అప్పుడే నీళ్లు నిండుతున్నాయి.

"చూశావా నువ్వు?" అంది.

"చూశాను. అయినా... అమ్మావో, లేదో... అడుగుదామని..."

సుమినెమ్ అరవలేదు. ఆరిపోతున్న పొయ్యి వైపు చూస్తూ, ఇన్నేళ్లలో మొదటిసారి అతన్ని వరస పెట్టి పిలిచింది.

"మా ఆయన్ని అడక్కుండా కొట్టించావు అన్నా. నా ఆవును అడుగుతూ కూర్చుని పోగొట్టావు. మా ఇంటికి ఒక్కసారైనా ఆ దుంగ పనికొస్తే ఏం పోయేది?"

విర్యో క్షమించమని అడుగుదామనుకున్నాడు గానీ ఏ తప్పుకని అడగాలో తేలలేదు. ఆమె తలుపు వేసుకుంది. అతను వానలో ఆ వాకిట్లోనే నిలబడిపోయాడు.