సీటు వెనక కంపు

మా అక్క మొగుడు లారీ డ్రైవరు. అదే బండిని రాత్రిపూట ఇంకో డ్రైవరు తోలతాడు. పొద్దున్నే క్యాబిన్ తలుపు తీయగానే బావ మొహం చిట్లిస్తాడు. స్టీరింగు నిండా జిడ్డు, డాష్‌బోర్డు మీద ఆరేసిన తడి సాక్సులు, తలుపు అరలో కొరికి ఉమ్మేసిన గోళ్ళు. అన్నిటినీ మించి, సీటు వెనక నుంచి ఎలుక చచ్చినట్టు కంపు.

"ఛీ, వాడసలు మనిషేనా?" అని తిట్టుకుంటూ బావ క్రిములు చచ్చే మందు చల్లి, కాళ్ళ కింద పట్టా మొదలు స్టీరింగు దాకా రుద్ది రుద్ది తుడుస్తాడు. ఇంట్లో కంచం ముందు కూర్చున్నా ఆ కంపు గోలే. వినలేక అక్క ముద్ద వదిలేసి లేచిపోయేది.

మొన్నొక రోజు పొద్దున, రాత్రి డ్రైవరు ఇంకా వెళ్ళకముందే బావ పని మొదలుపెట్టాడు. ఎప్పట్లాగే సీటు వెనక కుక్కిన గుడ్డ లాగి, క్యాబిన్ అంతా తుడిచి, అలవాటుగా దాంతోనే మూతి కూడా తుడుచుకున్నాడు.

అది చూసి రాత్రి డ్రైవరు ముక్కు మూసుకున్నాడు. "అన్నా, ఆ గుడ్డ నీదా? దాని కంపు భరించలేకే రాత్రంతా కిటికీలు తెరుచుకుని తోలుతున్నా. ఎప్పుడైనా ఉతికావా దాన్ని?"

బావ గుడ్డను వాసన చూశాడు. ఇన్నాళ్ళూ తిట్టిన కంపే గుప్పుమంది. ఇప్పుడది మీసం నిండా ఉంది.