మొదటి ఎపిసోడ్‌లోనే ఇంటికెళ్లిపోయిన మనిషి

నా నోటివల్ల జరిగిన అనర్థాలు చాలా ఉన్నాయి. చిల్లరమల్లరవి పక్కన పెట్టి, అన్నిటికంటే ఘోరమైనదాన్ని మీకు చెబుతున్నాను. నవ్వుకోండి. నవ్వడం అయ్యాక నాలుగు తిట్టినా నాకు అభ్యంతరం లేదు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. నా నోరు సమయమెరగదన్న ముక్క కూడా చేర్చి ఉంటే సామెత పూర్తయ్యేది.

అప్పట్లో అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో నేనూ, వంశీ ఉండేవాళ్లం. నాది తెనాలి, వాడిది కరీంనగర్. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు కాబట్టి అన్నా అనేవాడు. ఆ చలికాలం వాడి ఉద్యోగం పోయింది. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. వాడు పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే సాయంత్రానికి లేచేవాడు. రోజురోజుకీ మాట తగ్గిపోయింది. "తిన్నావా?" అంటే "ఆఁ" అనేవాడు. వంటింట్లోకెళ్లి చూస్తే గిన్నెలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది.

వాడికి ధైర్యం చెప్పే బాధ్యతను ఎవరూ అప్పగించకుండానే నెత్తికెత్తుకున్నాను. అందుకు నేను ఎంచుకున్న మందు ఒక టీవీ షో. పదిమందిని గడ్డకట్టే చలిలో, అడవిలో, ఒక సరస్సు చుట్టూ తలా ఒకచోట ఒంటరిగా వదిలేస్తారు. ఎక్కువ రోజులు ఉన్నవాడు గెలిచినట్టు. ఉండలేనివాడు ఫోన్ చేస్తే పడవ వచ్చి తీసుకెళుతుంది.

"వీళ్ల కష్టం ముందు మనదెంతరా? చూడు, నీకే ధైర్యమొస్తుంది," అన్నాను.

మొదటి ఎపిసోడ్‌లోనే ఒకాయన వెళ్లిపోతాడు. తాటిచెట్టంత మనిషి, గుండెల దాకా గడ్డం. ఒక్క రాత్రి గడిచిందో లేదో ఫోన్ అందుకున్నాడు. నాకు నవ్వాగలేదు. "ఈ మాత్రానికి అంత గడ్డం ఎందుకయ్యా!" అని టీవీకి బుద్ధులు చెప్పాను. వంశీ నవ్వలేదు. జోకు అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పాను కూడా.

మన ఇళ్లలో ఒక మర్యాద ఉంది కదా, చూస్తున్నప్పుడు కొత్తవాళ్లెవరైనా వస్తే మళ్లీ మొదట్నుంచి పెడతాం. ప్రతి శనివారం ఎవరో ఒకరు వచ్చేవారు. "మీరు చూళ్లేదా? అయ్యో, ఉండండి!" అని నేను రిమోట్ అందుకునేవాణ్ణి. అలా ఆరు వారాల్లో ఆరుసార్లు మొదటి ఎపిసోడే చూశాం. మేం రెండోదాని ముఖం చూసిన పాపాన పోలేదు. వారం వారం ఆ గడ్డపాయన మీద నా వ్యాఖ్యానం మాత్రం పెరిగిపోయింది. ఉద్యోగం పోయినవాడి పక్కన కూర్చుని ఓడిపోయినవాణ్ణి వెక్కిరించడం గోరుచుట్టు మీద రోకటిపోటని నాకు తట్టనే లేదు. నా తెలివి అలాంటిది.

ఏడో శనివారం వంశీయే బిర్యానీ వండి, మా స్నేహితుడు సతీష్‌నీ వాళ్లావిడ శ్రావణినీ భోజనానికి పిలిచాడు. ఉద్యోగం వచ్చుంటుంది, ఆ కబురు చెప్పడానికే పిలిచాడనుకుని నేను మహా హుషారుగా ఉన్నాను. శ్రావణి ఆ షో చూడలేదంది. ఇంకేం, పెట్టేశాను.

"అన్నా, జర టీవీ బంద్ చెయ్యి. ఒక మాట చెప్పాలె," అన్నాడు వంశీ.

"ఆగరా, గడ్డపాయన సీన్ అయిపోనీ!"

అంతటితో ఊరుకున్నానా? రిమోట్ చెవి దగ్గర పెట్టుకుని లేచి నిలబడ్డాను. "హలో, పడవ ఆఫీసా అండీ? నావల్ల కావట్లేదండీ. చలేస్తోందండీ. మా అమ్మ గుర్తొస్తోందండీ!"

సతీష్ పొట్ట పట్టుకుని నవ్వాడు. శ్రావణికి పొలమారింది.

"నేను గూడ పోతున్ననే," అన్నాడు వంశీ.

"నీకూ పడవ బుక్ చెయ్యమంటావా? ఏసీయా, నాన్ ఏసీయా?"

"మంగళవారం ఫ్లైట్."

దానికీ నవ్వాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. వంశీ లేచి గదిలోకెళ్లి, సర్దేసిన రెండు సూట్‌కేసులు తెచ్చి మా ముందు నిలబెట్టాడు. రెండిటి మీదా పేరూ, కరీంనగర్ అడ్రసూ అంటించి ఉన్నాయి. అప్పుడు గానీ నా నోరు మూతపడలేదు.

"అరవైలో ఇంకా పదకొండు రోజులున్నాయి కదరా," అన్నాను.

"ఉన్నయి. నాకే ఓపిక లేదు."

ఆ బిర్యానీ ఎవరమూ తినలేకపోయాం.

మంగళవారం నేనే ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేశాను. దారి పొడుగునా హైదరాబాద్‌లో ఎన్ని ఉద్యోగాలున్నాయో వాడికి వివరించాను. వాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దిగాక "పోయొస్తనే" అని ఒక్క మాట అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ ఎపిసోడ్ మళ్లీ పెట్టాను. పక్కన ఎవరూ లేరు కాబట్టి మొదటిసారి నోరు మూసుకుని చూశాను. ఫోన్ అందుకునే ముందు ఆ గడ్డపాయన కెమెరాతో ఏదో అంటున్నాడు. అడవికి రావడానికి పడవ ఎక్కిన రోజే తనవల్ల కాదని తెలిసిపోయిందట. సాగనంపడానికి వచ్చినవాళ్లు అంత సంబరంగా ఉంటే ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదట. ఆ మాట మా హాల్లో ఏడుసార్లు వినిపించింది. ఏడుసార్లూ దాని మీద నా గొంతే. నాకు వినపడలేదు గానీ, వంశీకి వినపడే ఉంటుంది. టీవీ ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

వాడు ఇల్లు చేరిన వారానికి, క్షమాపణ చెప్పడానికి ఫోన్ చేశాను. నేనెంత మూర్ఖుణ్ణో చెప్పాను. ఎంత ఏడ్చానో చెప్పాను. నాకు ఆఫీసులో పని ఎలా సాగడం లేదో చెప్పాను. తప్పెక్కడ జరిగిందో అర్థం కావడానికి ఆ "పడవ ఆఫీసు" సీను మళ్లీ నటించి మరీ వినిపించాను.

"అన్నా," అన్నాడు వంశీ.

"ఆగరా, ఇంకొక్క మాట..."

"నలభై నిమిషాలైందే. నేనెట్లున్ననో అడగలే నువ్వు."

"ఎలా ఉన్నావురా?" అన్నాను.

"మంచిగ లేనే."

ఆ క్షణంలోనే, ముక్కోటి దేవతల సాక్షిగా, చేతిలో ఫోన్ పట్టుకుని శపథం చేశాను. ఎదుటివాడు చెప్పడం మొదలుపెట్టాక ఇక ఈ జన్మలో నా నోరు తెరుచుకోదు, మనుషుల ముందైనా సరే, టీవీ ముందైనా సరే. వాడు చెబుతూ పోయాడు. ఇల్లు దాటి బయటికెళ్లడం లేదట. చుట్టాలొస్తే నిద్రపోతున్నట్టు పడుకుంటున్నాడట. నేను కిక్కురుమనకుండా విన్నాను. గంట గడిచింది. చివరికి వాడికే అనుమానమొచ్చింది.

"అన్నా, లైన్ల ఉన్నవా?"

"ఉన్నానురా," అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు.