మెట్లు దిగిన రాజు

కువైట్‌లో నేను పనిచేసిన ఇంటి యజమానురాలిని అక్కడి వాడుకలో మామా, అంటే అమ్మా, అని పిలిచేదాన్ని. మోకాళ్ల నొప్పులతో మేడమీద గదిలోనే ఉండేది. కిందికి రావాలన్నా, మళ్లీ ఎక్కాలన్నా నేనే నడుం పట్టుకోవాలి. నోటిదురుసు మనిషి. టీలో చక్కెర తగ్గితే ఇల్లు పీకి పందిరేసేది. అయినా ఆమె అంటే నాకు ప్రాణం.

నా కూతురికి కానుపు దగ్గరపడిందని, ఇక ఊళ్లోనే ఉండిపోతానని చెప్పినప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడడం మానేసింది. అన్నం తీసుకెళ్తే గోడవైపు తిరిగేది. నాకూ పౌరుషం వచ్చి బతిమాలలేదు. కానీ ఆమె నోటివెంట ఒక్క మాటైనా వినకుండా విమానం ఎక్కడం నావల్ల కాదనిపించింది.

ఆ రోజుల్లోనే ఆమె మనవరాలు వంటింట్లో కూర్చుని బడి పాఠం చెప్పింది. తరగతిలో ఒక్కొక్కరికీ చైనా పాతకాలపు రాజును ఒకరిని ఇచ్చారట. తనకు మాత్రం ఎవరూ ఎరగని జౌ వంశపు రాజు తగిలాడని మూతి ముడుచుకుంది. ఆ రాజు మహా కోపిష్ఠి. ఒక సామంతుణ్ణి ఏకంగా కాగులో వేసి ఉడికించాడట. గరిటె పక్కన పెట్టి "ఛీ, వీడూ ఒక రాజేనా" అన్నాను. అయితే ఆ రాజు జబ్బుమనిషట. ఆయనకు నయం కావాలని సామంతులందరూ ఎవరి సీమలోని కొండకూ నదికీ వాళ్లు మొక్కుకున్నారట. మామా ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేనూ మా ఊరి గంగమ్మకు మొక్కుకున్నాను. ఆమెకు చెప్పలేదంతే.

"రాజు కొలువు దిగి రాకూడదు, సామంతులే పైకి వెళ్లాలి. ఈయన మెట్లు దిగి వాళ్లకు ఎదురొచ్చాడు. రాజుల పరువు అప్పుడే పోయిందని రాశారు" అంది పిల్ల.

నాకు ఒళ్లు మండింది. తనకోసం మొక్కినవాళ్లు వాకిట్లో నిలబడితే దిగి రావడం కూడా తప్పేనా? అలా రాసినవాళ్లకు ఎవరూ ఎదురొచ్చి ఉండరు.

మావైపు ఊరికి పోయేవాళ్లను ఇంట్లోవాళ్లు వీధి దాకా వచ్చి సాగనంపుతారు. బయల్దేరే రోజు మామా గది ముందు నిలబడి "వెళ్లొస్తా మామా" అన్నాను. ఆమె గోడవైపే తిరిగి పడుకుంది. పెట్టె తీసుకుని కిందికొచ్చాను. డ్రైవర్ మా కడప అబ్బాయే. "యల్లా అక్కా, టైమైతాంది" అంటూ తొందరపెడుతున్నాడు.

అంతలో కర్ర చప్పుడు వినిపించింది. మామా ఒక్కతే గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది.

"ఎందుకు దిగితివి మామా, పడితే?" అంటూ పరుగెత్తాను. కంగారులో అరబ్బీ మరిచి మా మాటే వచ్చేసింది. ఆమె నా బుగ్గలు రెండు చేతుల్లోకి తీసుకుని, "బిడ్డ పుట్టగానే ఫోటో పంపు" అంది.

దిగడమైతే దిగింది గానీ, ఎక్కడం తనవల్ల కాదంది. డ్రైవర్ మొత్తుకుంటున్నా పెట్టె అక్కడే వదిలి, రోజూలాగే నడుం పట్టుకుని పైకి తీసుకెళ్లాను. ప్రతి మెట్టు దగ్గరా ఆగింది. ఆ రోజు మోకాళ్లు అంత నొప్పిగా లేవని ఇద్దరికీ తెలుసు. నేనూ తొందరపెట్టలేదు.