నాకంటే పిసినారి ఎముక

"కాలు కింద ఆనించవ్వా!"

"ఆనించను పోవే. విరిగిన గెడకు ఎవరైనా బరువు కడతారా?"

"గెడంటే కట్టె. నీది ఎముక. అది బతికుంది."

"బతికుందని నువ్వు చూసినావా?"

"డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్ము చూపించి, అతుక్కుంది, బరువు మోపమని చెప్పినాడు. నువ్వూ విన్నావు గదా!"

విన్నాను. అందుకే అనుమానం. రేవులో మంచుగడ్డలు దించే చోట జారిపడి కాలు విరిగినప్పుడు, కదిలించొద్దన్న నోరూ అదే. ఇప్పుడు నడవమంటే ఎట్లా నమ్మేది? మళ్లీ విరిగితే మళ్లీ ఆయన దగ్గరికే కదా పోవాలి! మా మనవరాలు నెల్లూరులో ఫిజియోథెరపీ చదువుతోంది. సెలవులకు మా మైపాడు వచ్చి, నా కాలి మీద పాఠం వల్లె వేసుకుంటోందని కూడా అనుమానించాను.

నేను చదివింది మూడో తరగతే అయినా పొదుపు ఒకరు నేర్పక్కర్లేదు. వాడని వస్తువు చెడదు. కొత్త బేసిను అటక మీదే ఉంటుంది. నడవడానికి కొన్న వాకరుకు ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. కాలినీ అట్లాగే మంచం మీద దాచాను, బాగా గట్టిపడ్డాక ఒక్కసారే లేచి రేవుకు పోదామని. పడవలు ఒడ్డుకు రాగానే చేపల వేలంపాటలో ముందు నిలబడే చోటు నాది. ఇప్పుడక్కడ కోడలు నిలబడుతోంది. మెత్తబడిన వంజరం చేపను తాజాదని పాడుకొచ్చే మనిషి. ఇట్లా నష్టాలు తెస్తా ఉంటే, నేను లేవకపోతే ఆ చోటు ఇక మాది కాదు.

మనవరాలు మంచం అంచున కూర్చుంది. "అవ్వా, ఎముక లోపల సన్నసన్న గూళ్లుంటాయి. గూటికొక కణం, దాని చుట్టూ రవ్వంత నీరు. నువ్వు కాలు మోపితే ఎముక కంటికి కనపడనంత వంగుతాది, ఆ నీరు కదుల్తాది. కణానికి తెలిసిపోతాది. ఇక్కడ బరువు పడతా ఉంది, గట్టి చెయ్యండని కబురు పెడతాది. కట్టే కణాలొచ్చి కడతాయి."

"మోపకుంటే?"

"తవ్వే కణాలదే రాజ్యం. వాడని చోట సున్నం దండగని తవ్వేస్తాయి. నీకంటే పిసినారిదవ్వా నీ ఎముక!"

నాకు నవ్వు రాలేదు. "ఆ కబుర్లు ఎవరు వినొచ్చినారే?"

తను నా రెండు చేతులూ పక్కపక్కన పెట్టింది. "మొద్దు మీద చేపలు కొట్టేది ఏ చేత్తో?"

"కుడిచేత్తో."

"రెండు మణికట్లూ తడిమి చూసుకో."

తడిమాను. కుడిది లావు. గాజులామె ఎప్పుడూ కుడిచేతికి పెద్ద సైజు తీసేది. మిగిలిపోయిన సరుకు నాకు అంటగడుతోందని ఆమెతో పోట్లాడేదాన్ని.

"కండేమోలే," అన్నాను.

"కండయితే నొక్కితే దిగుతాది. నొక్కు."

నొక్కాను. దిగలేదు.

"సరేలే, పోయి పని చూసుకో," అన్నాను. తను పోయాక మళ్లీ నొక్కి చూసుకున్నాను.

మరునాడు పొద్దున కోడలు రేవుకు బయలుదేరుతుండగా వాకరు కవరు విప్పి, మడిచి, దిండు కింద పెట్టాను. వాకరు పట్టుకుని, కాలు నేలకు ఆనించి బరువు మోపాను. నొప్పి పుట్టింది, కానీ కాలు నిలిచింది. పట్టుకోవద్దన్నా మనవరాలు నడుము పట్టుకుంది. గడప దాకా నడిచి, "మొప్పలెత్తి చూసినాకే పాట పాడు!" అని కోడలిని కేకేశాను. ఆమె వెనక్కి తిరిగి, నిలబడి ఉన్న నన్ను చూసి, తలూపి రేవుకు పోయింది. నేను మంచం దాకా నడిచొచ్చాను.