బావి పక్క నేలను ఉడికించిన చలికాలం

"బాయి పూడ్వనియ్యకు," అన్నాడు ఆయన.

"ఎవ్వరు పూడుస్తరు? నువ్వు పండుకో జర," అన్నాను.

మా మొగుడూ పెళ్లాల మధ్య చివరి మాటలు ఇవే. ఆ మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది.

ఫిల్మ్ నగర్ అంతా బండలుగా ఉన్న రోజుల్లో ఆయన రాళ్లు కొట్టేవాడు. ఇంటి వెనక బావి ఆయన తవ్విందే. తర్వాత పక్కనే, షూటింగులకు జనరేటర్ బండ్లు పంపే షెడ్డు వచ్చింది. అక్కడ ఏళ్ల తరబడి కారిన డీజిల్ బండ పగుళ్లలోంచి జారి బావిలో చేరింది. నీళ్ల మీద నెమలి ఈక రంగులు తేలేవి. నోట్లో పోసుకుంటే కడుపులో తిప్పేది. నేలను శుభ్రం చేసి చూస్తాం, కుదరకపోతే బావి పూడ్చేస్తాం అని పొల్యూషన్ ఆఫీసువాళ్లు వచ్చి చెప్పి పోయారు.

ఆయన పోయిన చలికాలంలోనే పని మొదలైంది. షెడ్డు తీసేసి నేలలోకి ఇనుప గొట్టాలు దింపారు. కరెంటుతో వేడి పెడితే లోపలి డీజిల్ ఆవిరవుతుందట, ఆ ఆవిరిని ఇంకో గొట్టం పీల్చుకుంటుందట. పొద్దున్నే ఆ వెచ్చటి నేల మీద మంచు పొగలా లేచేది. వాడంతా తెల్లగా తేలిపోతున్నట్టు ఉండేది. షేక్‌పేట నుంచి వచ్చే కూరగాయలామె గంప దించకుండానే అడిగింది.

"అక్కా, ఏం సిన్మా? హీరో ఎవరు?"

"మా బాయే హీరో."

"మరి విలను?"

"లోపలున్నడు. ఉడకబెడుతున్నరు."

కంచె పక్కన కూర్చుంటే అరికాళ్లలోంచి వెచ్చదనం ఎక్కేది. ఎండలో రాళ్లు కొట్టి వచ్చిన ఆయన వీపు అలాగే ఉండేది. కళ్లు మూసుకుని ఎంతసేపైనా కూర్చునేదాన్ని.

భూతల్లికి జ్వరం వచ్చిందని వాడలో ఆడవాళ్లు దిగులు పడ్డారు. చల్లబరచాలని పసుపు నీళ్లలో వేపాకు వేసి నేల మీద సాక పోయడానికి బయలుదేరాం. ముందు నేనే, చెంబుతో. అక్కడి ఇంజనీరు పిల్ల పరుగున వచ్చింది.

"పోయకండమ్మా. ఈ వేడి కోసమే కదండీ మా పాట్లు."

"తల్లి ఒళ్లు కాలుతుంటే సూసుకుంట కూసోవాల్నా బిడ్డా?"

"కాలనివ్వండి. కాలితేనే మీ బావి దక్కుతుంది."

చెంబు అలాగే పట్టుకుని వెనక్కి తిరిగాను. నన్ను చూసి మిగతావాళ్లూ తిరిగారు.

ఎండలు ముదిరాక వేడి ఆపారు. నేల చల్లారడానికి చాలా రోజులు పట్టింది. మొన్న ఆ పిల్ల సీసాల్లో నీళ్లు పట్టుకుపోయి, పరీక్ష చేయించి వచ్చింది.

"పూడ్చక్కర్లేదమ్మా. తాగడానికి మాత్రం ఇంకో పరీక్ష అయ్యేదాకా ఆగండి."

ఆమె వెళ్లాక బావిలోకి వంగి చూశాను. రంగులు లేవు. ఆకాశం ఉంది, నా ముఖం ఉంది.

గింతే బిడ్డా. రాసినవా? ఏది, మొదటికెల్లి సదువు. జర మెల్లగ సదువు, నేనింట.