పడమటి వీధి, ఇరవై ఏడేళ్ళు, ఆటో

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధం అరికాల్లో ముల్లులా ఉండిపోయింది. నడవనిస్తుంది. అడుగు వేసినప్పుడల్లా ఉన్నానని చెబుతుంది. ఇవాళ తీసి మీ ముందు పెడుతున్నాను.

ముందే ఒక మాట. జాలి కోసం రాయడం లేదు. క్షమించమని అడగడమూ లేదు. నేను రాసిన సాఫ్ట్‌వేర్ మంచిది, ఆ మాట మీద ఎవరితోనైనా దెబ్బలాడతాను. దాన్ని విడుదల చేసినప్పుడు నేను చేసిన పని మాత్రం మంచిది కాదు. వింటానంటే రెండూ వినండి, ఒకటే వింటానంటే ఇక్కడే ఆపెయ్యండి.

మాది కవిటి దగ్గర ఊరు. చుట్టూ కొబ్బరి తోటలు, ప్రతి మూడో ఇంట్లో కిడ్నీ మందులు. మా నాన్న రక్త పరీక్ష చీటీలన్నీ ఒక క్యారీ బ్యాగులో దాచేవాడు. రెండు నెలలకే వాటి మీద అచ్చు వెలిసిపోయేది. పోయినసారి క్రియాటినిన్ అంకె ఎంతని డాక్టరు అడిగితే నాన్న ఆ తెల్లకాగితాలు వెలుతురుకి పట్టి చూసేవాడు. నేను టెక్కలిలో ఇంజినీరింగ్ చదివి, పలాసలో గది తీసుకుని ఒక కంపెనీకి పనిచేస్తుండేదాన్ని. సాయంత్రాలు కూర్చుని చిన్న ప్రోగ్రామ్ రాశాను. నెలనెలా అంకె ఎక్కిస్తే గీత గీస్తుంది. గీత పైకి పోతుంటే ముందే హెచ్చరిస్తుంది. అది పూర్తికాకముందే నాన్న పోయాడు. అందరూ ఇక ఆపేస్తాననుకున్నారు. ఎందుకాపుతాను?

దాన్ని ఓపెన్ సోర్స్‌గా పెట్టాను. అంటే ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు. మొదటి రోజు నుంచి ఎవరు ఏ అక్షరం మార్చారో ఆ చరిత్రంతా అందరికీ కనబడుతూనే ఉంటుంది. ఇచ్ఛాపురం మాష్టారొకాయన ఒడియాలోకి మార్చిపెట్టారు. ముఖం కూడా చూడని వాళ్ళెందరో తప్పులు దిద్దారు. మొదటి అధికారిక విడుదల దగ్గరపడింది.

కొత్తగా వచ్చేవాళ్ళు ప్రోగ్రామ్‌ని ఆడించి చూడటానికి మాదిరి అంకెలు కావాలి. నేనే కల్పించి వేశాను. గీతలు స్కేలు పెట్టి గీసినట్టు వచ్చాయి. నిజం రక్తం అలా నడవదు. మా ఊరి ఆశా కార్యకర్త నీలవేణి పిన్ని దగ్గర నిజం అంకెలున్నాయి. చుట్టం కాదు, మా వీధి మనిషి. ఇంటింటికీ తిరిగి, క్యాలెండరు కాగితంతో అట్ట వేసిన పుస్తకంలో రాసుకునేది. మా నాన్న మీద అభిమానంతో ఆ పుస్తకం నా చేతికిచ్చింది. ఎవరికీ చూపించొద్దని కూడా అనలేదు. అనాల్సిన అవసరం ఉందని ఆమెకి తోచలేదు.

పేర్లు తీసేశాను. వీధి, వయసు, పని ఉంచేశాను, ఏ పని చేసేవాళ్ళకి జబ్బు ఎక్కువో చూడాలి కదా అని. పైన ఊరి పేరు కూడా పెట్టి, ఆ షీటుని ప్రోగ్రామ్‌తో పాటు అందరికీ కనబడేలా పెట్టేశాను. పేరు లేదు, ఇక ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? మా ఊళ్ళో పేరుతో ఎవరినైనా పట్టుకోగలరా? ఢిల్లేశ్వరరావులే నలుగురున్నారు. పడమటి వీధిలో ఆటో తోలే కుర్రాడంటే మాత్రం చిన్నపిల్లలు కూడా గుమ్మం దాకా తీసుకెళ్తారు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ రోజు నా కళ్ళ ముందు మా ఊరు లేదు, ఎక్కడో కూర్చుని నా పని చూసి మెచ్చుకోబోయే వాళ్ళున్నారు.

మా వైపు సంబంధం అనుకుంటే జాతకం కంటే ముందు కిడ్నీ అంకె ఎంతని ఆరా తీస్తారు. ఆ ఆటో ఢిల్లేశ్వరరావుకి టెక్కలిలో పిల్ల కుదిరింది. తాంబూలాలకి రోజు కూడా అనుకున్నారు. పిల్ల అన్న కంప్యూటర్ల మనిషి. మా ఊరి పేరు కొట్టి వెతికితే నా షీటు దొరికింది. పదిహేడో వరుస, పడమటి వీధి, ఇరవై ఏడేళ్ళు, ఆటో. గీత పైకి పోతోంది. సంబంధం తప్పిపోయింది. మీ షీటు మా చెల్లెల్ని కాపాడిందని అతను నాకు కృతజ్ఞతలు చెబుతూ ఈమెయిల్లో ఉత్తరం రాశాడు. చదివి, చెరిపేశాను.

ఆ ఉత్తరం చాటున చాలాకాలం దాక్కున్నాను. జబ్బు దాచి పెళ్ళి చేసుకోవడం తప్పు కాదా అని నాతో నేనే వాదించుకున్నాను. తప్పే కావచ్చు. కానీ ఆ అంకె ఢిల్లేశ్వరరావుది. చెబితే అతను చెప్పాలి, చెప్పకపోతే ఆ పాపం అతను పడాలి. మధ్యలో నేనెవర్ని?

పిల్ల తరఫువాళ్ళు కబురులో ఒక్కటే అన్నారట, మీ ఊరి లిస్టులోనే ఉందని. లిస్టంటే ఊరికి తెలిసింది పిన్ని పుస్తకమే. ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదన్నారు. తలుపులు మూసుకున్నారు, అంకెలు చెప్పడం మానేశారు. నాలుగు రోజులకి ఆమె బస్సెక్కి పలాస వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నీ కంపూటర్లోంచి ఏటైనా బైటికెల్లిందేటమ్మా?" అంది. "నానెవులికీ సెప్పనేదు. మరి ఆల్లకెలా తెలిసినట్టు?"

"నేదు పిన్నీ," అన్నాను. "అందులోంచెలా ఎల్తాది? తాళమేసే ఉంటాది కదా."

ఆమె గుమ్మం వైపు తిరిగింది.

"అయితే నా నోరే జారుంటాది. ఎక్కడో అనేసుంటాను. గేపకం రాడం నేదు."

నన్ను అనుమానించి ఉంటే బాగుండేది. అరిచినా బాగుండేది. చెయ్యని తప్పుని తన నెత్తిన తనే వేసుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. నేను తలుపు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను.

షీటు తీసేస్తే చాలదు, చరిత్రలో ఉండిపోతుంది. ఎవరైనా వెనక్కి వెళ్ళి తీసినట్టు చూస్తారు. అందుకని మొత్తం చరిత్రని చెరిపేశాను. రెండేళ్ళ పని, ఇచ్ఛాపురం మాష్టారి దిద్దుబాట్లు, ఊరూపేరూ తెలియనివాళ్ళ సాయం, ఎవరేం చేశారో ఆ గుర్తులన్నీ పోయాయి. వాటి స్థానంలో ఒకే ఒక్క వరుస మిగిలింది: మొదటి అధికారిక విడుదల. ఎందుకిలా చేశారని మాష్టారు అడిగితే, శుభ్రంగా మొదలుపెడదామని చెప్పాను. మంచి ఆలోచన అన్నారాయన. ఆ రోజు చాలామంది అభినందించారు. అందరికీ జవాబులు రాశాను.

ఇప్పుడు ఆ ప్రోగ్రామ్‌ని నాకు తెలియని ఊళ్ళలో కూడా వాడుతున్నారు. గీత పైకి పోతోందని ముందే పట్టుకున్న వాళ్ళు నాకు రాస్తుంటారు. ఆ పని చేసినందుకు సిగ్గుపడను. పడమన్నా పడను. నీలవేణి పిన్ని మాత్రం అప్పుడే ఆశా పని మానేసి, పుస్తకం ఆసుపత్రిలో అప్పగించి, పలాసలో జీడి ఫ్యాక్టరీలో చేరింది. జీడిరసానికి వేళ్ళు నల్లగా కమిలిపోయాయి. నా గదికీ ఆ ఫ్యాక్టరీకీ మధ్య పది నిమిషాల నడక. తొమ్మిదేళ్ళు ఆ దారి తప్పించుకుని తిరిగాను.

పోయిన వారం వెళ్ళాను. మధ్యాహ్నం అన్నాల వేళ. గేటు పక్కన కూర్చుని క్యారేజీ విప్పుకుంటోంది.

"ఆ రోజు అడిగేవు కదా పిన్నీ, బైటికెల్లిందేటని. ఎల్లింది. నా సేతిలోంచే ఎల్లింది," అన్నాను. షీటు సంగతీ, చరిత్ర చెరిపిన సంగతీ అంతా చెప్పాను.

ఆమె తినడం ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక చేయి కడుక్కుంది. గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి క్యారేజీ మూసింది. అప్పుడు నా వైపు చూసింది.

"నాకెందుకు సెప్తన్నావు? నాను సెప్పనేదని నాకిప్పుడు తెలిసింది, సాలు. ఊరికి సెప్పు."

లోపలికి వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. అంటుందనుకుని వెళ్ళలేదు నేను. అబద్ధం, అనుకునే వెళ్ళాను.

ఇంటికొచ్చి ప్రోగ్రామ్ చరిత్రలో జరిగిందంతా నా పేరుతోనే రాసిపెట్టాను. అది ఇంగ్లీషులో ఉంది, మా ఊరు చదవదు. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. పడమటి వీధి అతని అనుమతి తీసుకున్నాకే రాస్తున్నాను. ఇప్పుడు అతనికి వారానికి రెండుసార్లు డయాలసిస్. రాసుకో, ఇంకా దాచడానికి ఏముందని అన్నాడు. కింద నా పేరు ఉండదు. ఆ షీటులో అతని పేరు తీసేసి ఏం చేశానో, నాకూ అదే చేసుకుంటున్నాను.

నీలవేణి పిన్ని ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ అంకెల్ని బయటపెట్టిందీ, ఆమె వచ్చి అడిగితే లేదన్నదీ ఒకే మనిషి. మధ్య వీధి, ముప్పై ఆరేళ్ళు, కంప్యూటర్ పని. మా ఊరికి ఇది చాలు.